బాల్కనీకి పిట్టలు రావాలంటే ఏం చేసి అమ్మాలి? నా గూళ్లు ఫెయిలయ్యాయి

ఆటోనగర్ చెక్కపని · మే 18, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో నాకు చిన్న చెక్కపని షెడ్డు ఉంది. అసలు పని ప్యాకింగ్ పెట్టెలు. పోయినేడాది మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని ఫోన్ నిండా పోస్టులు చూసి, మిగిలిపోయిన పైన్ చెక్కతో పిచ్చుక గూళ్లు చేశాను. 40 చేస్తే 31 అమ్ముడుపోయాయి, ఒక్కోటి 350 రూపాయలకి. బేరం బాగుందనుకున్నాను.

మొన్న కొన్నవాళ్లందరికీ వరసగా ఫోన్లు చేశాను. 26 మంది ఎత్తారు. మూడు గూళ్లలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. రెండింటిని గోరింకలు లాక్కున్నాయి. ఒకదాని నిండా గండుచీమలు. మిగతా 20 ఖాళీ. ఒకావిడైతే "అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటున్నాం బాబూ, చాలా వీలుగా ఉంది" అని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు 120 ఫ్లాట్లకి, బాల్కనీకి ఒకటి చొప్పున, పచ్చదనమూ పిట్టలూ రెండూ వచ్చేలా ఏదైనా చేసిపెట్టమన్నారు. ఫ్లాటుకి 1,200 దాటకూడదట. నెలాఖరుకి శాంపిల్ చూపించాలి. నాకు డబ్బు అవసరమే, కాదనను. కానీ 120 క్లిప్పుల డబ్బాలు చెయ్యడానికి మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పిట్టలదొర · మే 18, రాత్రి 10:20

మూడు ప్రశ్నలు. గూటి కన్నం ఎంత? ముందు వాలడానికి పుల్ల పెట్టారా? ఎటువైపు తగిలించమని చెప్పారు?

ఆటోనగర్ చెక్కపని · మే 18, రాత్రి 10:31

కన్నం రెండు అంగుళాలు. పుల్ల పెట్టాను, అందంగా ఉంటుందని. ఎటువైపని ఏమీ చెప్పలేదు, వాళ్లిష్టం. పైకప్పుకి ఎర్ర ఎనామిల్ వేశాను.

పిట్టలదొర · మే 18, రాత్రి 11:15

అదీ సంగతి. మీరు పిచ్చుకలకి కాదు, ఫొటోకి చేశారు. కోపం తెచ్చుకోకండి, ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఇంతే.

పిచ్చుక దూరడానికి 32 మిల్లీమీటర్లు చాలు, అంటే అంగుళంపావు. రెండంగుళాలు పెడితే మీరు గోరింకకి తలుపు తీసినట్టే. ముందున్న పుల్ల పిచ్చుకకి అక్కర్లేదు, అది నేరుగా కన్నం అంచుని పట్టుకుని లోపలికి పోతుంది. పుల్ల కాకికి పనికొస్తుంది, దర్జాగా కూర్చుని ముక్కు లోపల పెట్టడానికి. చెక్క మందం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే మన మే నెల ఎండకి పిల్లలు లోపలే ఉడికిపోతాయి. పడమటి ఎండ తగలకూడదు. అడుగున నాలుగు చిన్న బెజ్జాలు, వానజల్లు కారిపోవడానికి. లోపలి గోడ నున్నగా ఉంటే పిల్లలు పైకి పాకలేవు, అందుకని రంపం గీతలు అలాగే వదిలెయ్యండి. ఏడాదికోసారి పాత గడ్డి తీసెయ్యడానికి ఒక పక్క తెరుచుకోవాలి. రంగు వద్దు. ఒకే గూడు కాకుండా మూడు నాలుగు దగ్గరదగ్గరగా పెట్టాలి, పిచ్చుకలకి ఇరుగుపొరుగు కావాలి.

ఇవన్నీ సరిచేసినా సగం గూళ్లు ఖాళీగానే ఉండొచ్చు. కారణం రేపు రాస్తాను, నిద్ర వస్తోంది.

కంచరపాలెం కాలక్షేపం · మే 19, ఉదయం 6:40

ఉన్న వేపచెట్టు కొట్టేసి, అపార్ట్‌మెంట్ కట్టి, ఆ చెట్టు మీది పిట్టకి చెక్క డబ్బా అమ్మడం. మనది చాలా గొప్ప వ్యాపారం.

ఆటోనగర్ చెక్కపని · మే 19, ఉదయం 7:05

అన్నా, చెట్టు నేను కొట్టలేదు. నా చేతికొచ్చేది మిగులు చెక్క.

మూడో అంతస్తు · మే 19, ఉదయం 10:30

మాది ఎంవీపీ కాలనీ. మీరంతా పిట్టల తరఫున మాట్లాడుతున్నారు కాబట్టి నేను బాల్కనీ తరఫున మాట్లాడతాను.

మా బాల్కనీ తొమ్మిదడుగుల పొడవు, మూడున్నర వెడల్పు. అందులో వాషింగ్ మెషీన్, బట్టల స్టాండు, గ్యాస్ సిలిండరు, మా అత్తగారి తులసికోట, మా వారు ఆవేశంలో కొన్న వ్యాయామం సైకిలు. దాని మీద తువ్వాళ్లు ఆరేస్తాం. ఇక మిగిలిన జాగా రెండు మొక్కలది. పనిమనిషి వారానికోసారి కడుగుతుంది, కుండీల కింద పళ్లెంలో నీళ్లు చూస్తే ముందు నాకు డెంగీ గుర్తొస్తుంది. రెండేళ్ల క్రితం పాపకి వచ్చింది, ఆ టెన్షన్ నాకింకా పోలేదు.

పావురాల సంగతి కూడా చెప్పాలి. పై అంతస్తు పెద్దాయన రోజూ జొన్నలు చల్లుతారు. పావురాలన్నీ అక్కడ తిని మా ఏసీ మీద రెట్టలు వేస్తాయి. "పిట్టలు వచ్చే వస్తువు" అంటే మా బ్లాకులో సగంమంది ముందు వల కట్టించుకుంటారు. మీరు చేసేదానికి పావురం రాకుండా పిచ్చుకే రావాలని చూడండి. నేను కొంటాను.

పెందుర్తి పాదు · మే 19, మధ్యాహ్నం 2:10

నాది మేడమీద తోట. వంగ, బెండ, సొర, కాకర, ఓ నిమ్మ, కరివేపాకు. పిట్టల గురించి పెద్దగా తెలీదు, తుమ్మెద గురించి చెప్తాను.

మూడేళ్ల క్రితం సొర పందిరికి ఎండు వెదుళ్లు వాడాను. ఓ రోజు కింద చాప మీద పసుపు పొడి రాలి ఉంది. పైకి చూస్తే వెదురుకి గుండ్రటి బెజ్జం, బ్లేడుతో కోసినట్టు. కాసేపటికి అందులోంచి నల్ల తుమ్మెద బొయ్యిమని బయటికొచ్చింది. మా ఆయన సిమెంటు పెట్టి మూసేద్దామన్నారు. వద్దన్నాను. ఆ ఏడు వంకాయ కాసినట్టు అంతకుముందు ఎప్పుడూ కాయలేదు.

తర్వాత చదివితే తెలిసింది. వంగ పువ్వులో పుప్పొడి ఉండే గొట్టాలకి చివర సూదిమొనంత చిల్లే ఉంటుంది. ఊరికే వాలితే రాలదు. తుమ్మెద పువ్వుని కాళ్లతో పట్టుకుని రెక్కలు కదపకుండానే ఒళ్లు ఝుమ్మనిపిస్తుంది, అప్పుడు ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. ఉదయం ఏడు గంటలకి వంగ మొక్క దగ్గర నిలబడితే ఆ శబ్దం చెవికి వినిపిస్తుంది, మోగుతూ మోగుతూ ఒక్కసారి స్వరం పెరుగుతుంది.

కాబట్టి చెక్కపని గారూ, వెదురు ముక్కలు. ఒక కణుపు మూసి, రెండోవైపు తెరిచి, జానెడు పొడవు. వానకి తడవని చోట అడ్డంగా కట్టండి. ఖర్చు ఏముంది?

మూడో అంతస్తు · మే 19, మధ్యాహ్నం 2:25

తుమ్మెద కుట్టదా అండీ?

పెందుర్తి పాదు · మే 19, మధ్యాహ్నం 2:40

మగదానికి ముల్లే లేదు. ఆడదానికి ఉంది కానీ చేత్తో పట్టుకుని నలిపితే తప్ప దాని జోలి దానిదే. కందిరీగ పట్టులా మందగా ఉండదు.

పిట్టలదొర · మే 19, రాత్రి 9:00

నిన్న ఆపిన దగ్గర్నుంచి.

పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. కానీ గూట్లో కళ్లు తెరవని పిల్లకి గింజ అరగదు. మొదటి రోజుల్లో తల్లీతండ్రీ దానికి పెట్టేది మెత్తటి పురుగులు, పేనుబంక, చిన్న గొంగళ్లు. మీరు గూడు ఎంత లక్షణంగా చేసినా చుట్టుపక్కల పురుగు లేకపోతే ఆ జంట గుడ్డు పెట్టదు, పెట్టినా పిల్ల బతకదు. మీ మూడు గూళ్లు ఎక్కడున్నాయో ఓసారి కనుక్కోండి. చుట్టూ పెరడో, పశువుల శాలో, కిరాణా కొట్టో ఉండి ఉంటుంది.

మా అమ్మమ్మగారిది శ్రీకాకుళం వైపు ఓ పల్లె. కోతలవ్వగానే తొలి కంకులతో వరి కుచ్చు అల్లి చూరుకి వేలాడదీసేవారు. ఆ కుచ్చుని మించిన డిజైన్ నేను ఎక్కడా చూడలేదు. ఇంటికి అందం, పిట్టకి తిండి, అయిపోయాక పశువుకి గడ్డి. కానీ అక్కడ పిచ్చుకలు నిలిచింది ఆ కుచ్చు వల్ల కాదు. పెంకుటింటి వాసాల సందులు, శాలలో ఈగలు, పెరట్లో బచ్చలి మీద పురుగు, ఇవన్నీ ఉంటే కుచ్చు పైన ఇచ్చే పలహారం. మనం పలహారం ఒక్కటే పట్నానికి తెచ్చుకుని పిచ్చుక రాలేదని ఏడుస్తున్నాం. అసలీ అపార్ట్‌మెంట్లో పురుగుమందు ఎన్ని రోజులకోసారి కొడతారో అడిగారా?

ఆటోనగర్ చెక్కపని · మే 20, ఉదయం 11:20

ఇప్పుడే సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. కింద కార్పెట్ గడ్డి, చుట్టూ కత్తిరించిన హెడ్జి. పదిహేను రోజులకోసారి పురుగుమందు, వారానికోసారి దోమల పొగ. "మా దగ్గర ఒక్క పురుగుండదు" అని గర్వంగా చెప్పారు.

మూడు గూళ్ల సంగతి కూడా కనుక్కున్నాను. ఒకటి సింహాచలం అడివివరం వైపు, ఇంటివెనక శాల ఉంది. రెండోది పాత గాజువాకలో బియ్యం కొట్టు. మూడోది కూర్మన్నపాలెంలో టీచరుగారి ఇల్లు, పెరడు నిండా మందారం, గోరింటాకు. మీరు చూసొచ్చినట్టే చెప్పారు.

సివిల్ మాస్టారు · మే 20, సాయంత్రం 5:45

ఆలస్యంగా వచ్చాను. 34 ఏళ్లు స్ట్రక్చరల్ డిజైన్ చేసి రిటైరయ్యాను. మధురవాడ ఆర్డరు మొక్కల తొట్టె వైపు వెళ్తుందని తెలుస్తూనే ఉంది కాబట్టి బరువు గురించి ముందే చెప్తాను.

మన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్లలో గదుల స్లాబు మీద చదరపు మీటరుకి సుమారు 200 కిలోల మోపుడు బరువు (అంటే మనుషులు, సామాన్ల బరువు) లెక్కిస్తాం, బాల్కనీకి 300. మనుషులు తిరిగే డాబా పైకప్పుకి 150 మాత్రమే. ఇప్పుడు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తొట్టె తీసుకోండి. చిన్నదే అనిపిస్తుంది. తడిసిన మట్టితో దగ్గరదగ్గర 150 కిలోలు. దాని అడుగు జాగా మీద చదరపు మీటరు లెక్కన 500 దాటిపోతుంది. ఒకటి పెడితే కొంప మునగదు, బరువు స్లాబు అంతటికీ పంచుకుంటుంది. కానీ ఎండ కోసం అందరూ పెట్టేది బాల్కనీ చివరి అంచున. బయటికి తేలిన స్లాబుకి అంతకంటే చెడ్డ చోటు లేదు. అదే బరువు గోడ మొదట్లో ఉంటే నాకు బెంగ లేదు.

కొబ్బరిపొట్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. పొట్టుని ముందు రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడగాలి, దానిలో ఉప్పు ఉంటుంది.

రెయిలింగుకి వేలాడే కుండీలు మాత్రం విశాఖలో అమ్మకండి. 2014 అక్టోబరు 12న నేను ఇంట్లోనే ఉన్నాను. హుద్‌హుద్ తుఫాను గంటకి 180 కిలోమీటర్ల గాలితో ఊరి మీదికే వచ్చింది. ఎదురింటి నాలుగో అంతస్తు నుంచి సిమెంటు కుండీ మా కారు మీద పడింది. మనిషి ఉంటే?

ఒక సంగతి. సరిగ్గా ఆ నెలలోనే ఇటలీలో మిలాన్ నగరంలో "నిలువు అడవి" అని రెండు టవర్లు ప్రారంభించారు. ఒకటి 110 మీటర్లు, రెండోది 76. బాల్కనీల్లో 800 దాకా చెట్లు. అందరూ ఆ ఫొటో చూపించి ఇలాంటిది కట్టండి అంటారు. ఆ చెట్లని ముందు గాలి సొరంగంలో పరీక్షించారని, వేళ్ల ముద్దల్ని ఉక్కు తాళ్లతో కట్టారని, కొమ్మలు కత్తిరించడానికి ఇప్పటికీ మనుషులు పైనుంచి తాళ్లతో దిగుతారని ఎవరూ చెప్పరు. మొక్క కొన్నవాడికి మొదటి బిల్లే కనిపిస్తుంది.

కంచరపాలెం కాలక్షేపం · మే 20, సాయంత్రం 6:10

మాస్టారూ, చైనాలో ఇంకో అడవి ఉందిగా. చెంగ్డూలో 2018లో 826 ఫ్లాట్లు, ప్రతి బాల్కనీకీ అడవి. రెండేళ్లకి మొక్కలు బాల్కనీలు దాటి వేలాడాయి, దోమలకి జడిసి ఇళ్లలో దిగినవాళ్లు పట్టుమని పది కుటుంబాలే అని వార్త. ఫ్లాట్లు అమ్మింది మనుషులకి, దిగింది దోమలు.

సివిల్ మాస్టారు · మే 20, సాయంత్రం 6:30

అవును. అక్కడ లేనిది మొక్క కాదు, మాలి.

ఉప్పుగాలి · మే 20, రాత్రి 8:50

నేను సాగర్‌నగర్. బీచికి రెండు వీధుల దూరం. చెక్కపని తమ్ముడూ, మేకులు ఏవి వాడావు?

ఆటోనగర్ చెక్కపని · మే 20, రాత్రి 9:02

మామూలు ఇనప మేకులే అన్నా. జీఐ తీగ.

ఉప్పుగాలి · మే 20, రాత్రి 9:25

అయితే ఇటువైపు అమ్మినవి ఈపాటికి రాలిపోయి ఉంటాయి. మా గ్రిల్లుకి రెండేళ్లకోసారి రంగు వేయకపోతే పొరలు పొరలుగా లేస్తుంది. పౌడర్ కోటింగ్ స్టాండు కొన్నాను, మొదటి వానాకాలానికే వెల్డింగు దగ్గర తుప్పు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా టీ మరకల్లా చుక్కలొస్తాయి, 316 రకం అయితే ఆగుతుంది కానీ రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. సముద్రం వైపు ఇళ్లకి ఇనుము లేకుండా చెయ్యి. కొబ్బరితాడు, మట్టి, వెదురు. తాడు ఏడాదికి చివికిపోతుంది, అప్పుడు ఇంకోటి కట్టుకుంటారు, పది రూపాయల పని.

మొక్కల్లో కూడా ఉప్పుగాలికి ఆగేవి వేరే. గన్నేరు, కాగితం పూలు, కానుగ, పొన్న, బాదం. కరివేపాకు మా ఇంట్లో గోడ చాటున పెడితేనే బతికింది. మధురవాడ కొండవైపు కాబట్టి మీకంత బాధ ఉండదు.

ఇంకోటి, అడిగింది కాదు కానీ చెప్తాను. బీచి ఎదురుగా బాల్కనీ తోటలు చేసినవాళ్లు ఇప్పుడు చెట్లకి దీపాల తోరణాలు వేలాడదీస్తున్నారు. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. 45 నుంచి 60 రోజులకి పిల్లలు పొదుగుతాయి. రాత్రిపూట పిల్ల ఇసకలోంచి పైకొచ్చి ఎటు వెలుతురుంటే అటు నడుస్తుంది. యుగాలుగా అటువైపు సముద్రమే ఉండేది, ఇప్పుడు బీచిరోడ్డు ఉంది. ఓ తెల్లవారుజామున నేను రోడ్డు వార నుంచి ఒకదాన్ని ఎత్తాను, అరచేతిలో చిన్న చిల్లర పర్సంత ఉంది, రెక్కల్లాంటి కాళ్లు నా వేళ్లని ఈత కొడుతూనే ఉన్నాయి. కాబట్టి ఎవరైనా "ప్రకృతి బాల్కనీ" అని లైట్లతో కలిపి అమ్మితే సముద్రం వైపు కనపడకుండా కిందికే పడేలా, కాషాయం రంగువి పెట్టండి. ఇంకా మంచిది ఆర్పెయ్యడం.

మూడో అంతస్తు · మే 21, ఉదయం 9:15

ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి ఈ చర్చ చదివి ఓ మాట చెప్పాడు. అక్కడ బ్రైటన్‌లో కొత్త భవనాలకి 2020 నుంచి గోడలోనే పిట్ట ఇటుకలు, తేనెటీగ ఇటుకలు పెట్టాలని నిబంధన ఉందట. ఇటుకలోనే గూడు. వేలాడదీయడం, తుప్పు పట్టడం, క్లిప్పులు వేసుకోవడం ఏదీ కుదరదు. మన గ్రూపులో కుమ్మరి పని చేసే సారె గారు ఇలాంటివి చెయ్యగలరేమో కదా?

పిట్టలదొర · మే 21, ఉదయం 10:00

పిట్ట ఇటుక మంచి ఆలోచన. అక్కడ స్విఫ్ట్ అనే పిట్ట పాత ఇళ్ల చూరు సందుల్లో గూడు పెడుతుంది, ఇళ్లు బాగుచేసి సందులన్నీ మూసేశారు, అందుకని సందునే ఇటుకగా చేశారు. పోయినదేదో చూసి దాన్నే తిరిగి పెట్టారు. తేనెటీగ ఇటుక మీద మాత్రం అక్కడి శాస్త్రవేత్తల్లోనే గొణుగుడు ఉంది. కన్నాలు సరైన లోతు లేకపోయినా, శుభ్రం చెయ్యకపోయినా మైట్లనే సన్న పురుగులు, రోగాలు చేరతాయని. పెందుర్తి పాదు గారి వెదురు ముక్క రెండేళ్లకి పారేసి కొత్తది పెట్టొచ్చు, గోడలో ఇటుకని తియ్యలేం.

సారె · మే 21, మధ్యాహ్నం 1:40

నన్ను పిలిచారు కాబట్టి వచ్చాను. మాది కుమ్మరి కుటుంబం. నాన్న సారె మీద చేసేవారు, నేను కూడా చేస్తాను, దీపావళికి ప్రమిదలు, వేసవికి కుండలు, మిగతా నెలల్లో పూల కుండీలు.

పిట్టలకి నీళ్ల పాత్ర అని నన్ను ప్రతి వేసవీ అడుగుతారు. అందరూ లోతు గిన్నె అడుగుతారు. పిచ్చుక అందులో స్నానం చెయ్యదు, మునిగిపోతానని భయం. రెండంగుళాల లోతు చాలు, మధ్యలోకి పళ్లెంలా ఏటవాలుగా దిగాలి, లోపల గరుకుగా ఉండాలి. గ్లేజు వెయ్యకూడదు, జారుతుంది.

దోమ మాట మూడో అంతస్తు అమ్మగారు అన్నారు. డెంగీ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటి అంచుకి కాస్త పైన గోడకి అంటిస్తుంది. నీళ్లు పారబోస్తే గుడ్లు పోవు, ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పోయగానే పొదుగుతాయి. అందుకని రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో అంచు రుద్ది కడగాలి. మట్టి పాత్ర అయితే పీచు బాగా పట్టుకుంటుంది. ఇది నేను ప్రతి పాత్రతో పాటు నోటితో చెప్పి అమ్ముతాను. చీటీ ఇస్తే ఎవరూ చదవరు.

తొట్టె కింద పళ్లెం ఎందుకండీ? తొట్టెకే కాళ్లు పెట్టి, అడుగు ఒక మూలకి వాలేలా చేసి ఒకే బెజ్జం పెడితే నీళ్లు బాల్కనీ కాలువలోకి పోతాయి. నేను చేస్తాను.

ఆటోనగర్ చెక్కపని · మే 21, రాత్రి 8:30

సారె గారూ, మీ నంబరు ఇక్కడ పెట్టకండి, ప్రైవేటు మెసేజ్ పంపండి. రెండడుగుల తొట్టె అయితే ఎంతవుతుంది?

ఏటికొప్పాక వాళ్లతో లక్క పూసిన అంకుడు కర్ర గూళ్లు చేయిద్దామా అని కూడా అనుకుంటున్నాను. బొమ్మల్లా ముచ్చటగా ఉంటాయి.

సారె · మే 21, రాత్రి 8:55

లక్క ఇంట్లో వస్తువుకి. వానకి తెల్లబారిపోతుంది, ఎండకి మెత్తబడుతుంది. వాళ్ల పనికి చెడ్డపేరు తేకండి. అల్మరాలో పెట్టే బొమ్మ పిట్ట అయితే చేయించండి, నేనే కొంటాను.

పెందుర్తి పాదు · మే 22, ఉదయం 7:30

తొట్టెలో ఏం వేస్తారన్నది అసలు మాట. నర్సరీ వాళ్లు అరేకా పామ్, స్నేక్ ప్లాంటు, రంగురంగుల క్రోటన్లు ఇస్తారు. చావవు, అంతే. వాటిని మన పురుగు పెద్దగా ముట్టదు, కాబట్టి పిట్టకీ పెద్దగా పని లేదు. కరివేపాకు పెట్టండి. వంటకి మనకి, గుడ్డు పెట్టడానికి సీతాకోకచిలుకకి. పక్కన ఓ మందారం, తేనెపిట్ట కోసం. జాగా ఉంటే రాధామనోహరం తీగ, పిగిలిపిట్ట (బుల్‌బుల్) అలాంటి గుబురుల్లో గూడు కడుతుంది.

మూడో అంతస్తు గారూ, మీ అత్తగారి తులసి వెన్నులు గిల్లేస్తున్నారా? నాలుగు రోజులు వదిలి చూడండి. చిన్న తేనెటీగలు లెక్కపెట్టలేరు.

మూడో అంతస్తు · మే 22, ఉదయం 9:40

గిల్లకపోతే మొక్క చచ్చిపోతుందని అత్తయ్య అంటారు. ఒక కొమ్మ వదలడానికి ఒప్పించాను.

కంచరపాలెం కాలక్షేపం · మే 22, ఉదయం 11:00

వెటకారం పక్కన పెట్టి ఒకటి చెప్తాను. మా వీధిలో తుఫాను తర్వాత వరసగా ఏడాకుల చెట్లు నాటారు. తొందరగా పెరిగాయి, నీడ ఉంది. అక్టోబరు, నవంబరు వస్తే ఆ పువ్వు వాసనకి మా అమ్మ కిటికీలు మూసుకుంటుంది. ఒకే చెట్టు వెయ్యి సార్లు నాటితే అంతే. 120 ఫ్లాట్లకీ ఒకే తొట్టె, ఒకే మొక్క ఇవ్వొద్దు. ఒకడికి కరివేపాకు, ఒకడికి నిమ్మ, ఒకడికి నందివర్ధనం. ఎవరికేమొచ్చిందో చూసుకోవడానికి మెట్ల మీద నాలుగు మాటలైనా కలుస్తాయి.

ఆటోనగర్ చెక్కపని · మే 31, రాత్రి 10:10

శాంపిల్ చూపించాను. రెండడుగుల మట్టి తొట్టె, కాళ్లతో, కొబ్బరిపొట్టు కలిపిన మట్టి, తడిస్తే 35 కిలోలు, గోడవైపు పెట్టేది. పక్కన జానెడు వెదురు ముక్కల కట్ట, కొబ్బరితాడుతో. నీళ్ల పళ్లెం విడిగా, కావాలన్నవాళ్లకే. పిచ్చుక గూళ్లు బాల్కనీలకి కాకుండా వాచ్‌మన్ గది వెనక గోడకి వరసగా ఆరు, అక్కడ వాళ్లావిడ ఆకుకూర మడులు వేసుకుంది.

మందు కొట్టడం ఆపితేనే ఇస్తానన్నాను. సెక్రటరీ గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "నువ్వు డబ్బాలమ్ముకునేవాడివి, మాకు షరతులా?" అన్నారు. చివరికి 120 కాస్తా 22 అయింది. అడిగి తీసుకున్నవాళ్లకే. హెడ్జికి మందు మాత్రం మూడు నెలలు ఆపి చూస్తామన్నారు, పొగ ఆపరట. లాభం పెట్రోలుకి సరిపోయింది.

పిట్టలదొర · మే 31, రాత్రి 10:25

22 చాలు. ఫోన్ చెయ్యడం మానకండి.

ఆటోనగర్ చెక్కపని · సెప్టెంబరు 14, రాత్రి 9:30

వానలు పడ్డాక ఒకసారి వెళ్లొచ్చాను. ఆరు గూళ్లలో ఒకదాంట్లో పిచ్చుకలు గడ్డి మోస్తున్నాయి, మిగతావి ఖాళీ. వెదురు కట్టల్లో నాలుగింటికి నోరు మట్టితో మూసి ఉంది. ఒకదానికి మాత్రం మట్టి కాదు, గులాబీ ఆకు ముక్కలు గుండ్రంగా కోసి పొట్లంలా చుట్టి ఉన్నాయి. అదేంటో చెప్పండి.

నిన్న 304వ ఫ్లాటావిడ ఫొటో పెట్టారు. "బాబూ, మీరిచ్చిన కరివేపాకుకి పిట్ట రెట్టలాంటి పురుగులు పట్టాయి. రెండు పచ్చగా, లావుగా ఉన్నాయి, ముట్టుకుంటే తల మీంచి ఎర్రటి కొమ్ములు బయటికి తీసి కంపు కొడుతున్నాయి. సగం చెట్టు తినేశాయి. ఏం మందు కొట్టమంటారు?"

ఆవిడకి ఏం జవాబివ్వాలి? నాకైతే నవ్వాగడం లేదు.

పెందుర్తి పాదు · సెప్టెంబరు 14, రాత్రి 9:41

ఆకులు చుట్టింది ఆకుకోత తేనెటీగ, ముట్టుకోవద్దు. ఆవిడకి చెప్పండి, పది రోజులు పోపులో కరివేపాకు మానెయ్యమని. నిమ్మచెట్టు సీతాకోకచిలుక అది. ఈ మాట వినకపోతే నా చెట్టు నుంచి ఒక కొమ్మ ఆకు రోజూ పంపిస్తాను, పురుగులకి.

మూడో అంతస్తు · సెప్టెంబరు 14, రాత్రి 9:58

304 వాళ్లకి నా నంబరు ఇవ్వండి. నేను మాట్లాడతాను. ఆ తొట్టె ఇంకోటి మిగిలిందా? సైకిలు అమ్మేశాం.